మూడు దార్ల దగ్గర బూడిద గుమ్మడికాయ

ఈ సంగతి రాయడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. మొదట్లో సిగ్గుతో రాయలేదు. తర్వాత ఒకసారి ధైర్యం చేసి కూర్చుంటే, మా ఆవిడ వెనక నుంచి రెండు వాక్యాలు చదివి సోఫాలో పడి నవ్వింది. ల్యాప్‌టాప్ మూసేశాను. ఇప్పటికీ సిగ్గు పోలేదు గాని, ఊరంతటికీ తెలిసిన విషయం మీ దగ్గర మాత్రం దాచి ఏం బావుకుంటాను? ఒకే ఒక్క బూడిద గుమ్మడికాయతో ఒక ఇంగ్లీషు పల్లెను నాలుగు రోజులు వణికించి, ఏ పాపమూ ఎరగని ఒక పెద్దమనిషి వీధిలో తలెత్తుకోలేకుండా చేసి, చివరికి నా రెండు కుక్కల పుణ్యమా అని పట్టుబడిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి. మధ్యలో ఆ పెద్దమనిషి గురించి కూడా కాస్త ఆలోచించండి. ఆ నాలుగు రోజులూ నేను చెయ్యని పని అదే.

మేముండేది బేసింగ్‌స్టోక్‌కి కారులో అరగంట దూరంలో ఒక చిన్న పల్లె. పేరు చెప్పను, ఇంకా అక్కడే కాపురం. నేను బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్లతో కుస్తీ పడుతుంటాను. మా ఆవిడ స్వప్న ఆసుపత్రిలో డాక్టరు. ఆవిడ ఏ పూట ఇంట్లో ఉంటుందో ఫ్రిజ్ తలుపు మీద అంటించిన డ్యూటీల పట్టిక, వాళ్ళ భాషలో రోటా, చూసి తెలుసుకుంటాం. కూతురు ఆద్యకు అప్పుడు పదకొండేళ్ళు. తెలుగులో ఏమడిగినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆ ఏడాది జగిత్యాల నుంచి మా అమ్మ ఆరు నెలలు ఉండిపోదామని వచ్చింది.

ఇక టఫీ, పికిల్. ఇద్దరూ బోర్డర్ టెరియర్ జాతి కుక్కలు, ఒకే కాన్పులో పుట్టిన అన్నదమ్ములు. టఫీ తవ్వుతాడు, పికిల్ మోస్తాడు. పెరట్లో టఫీ తవ్విన గోతుల్లో నా కాలు రెండుసార్లు బెణికింది. పికిల్ మోసుకుపోయిన వస్తువుల్లో నా ఆఫీసు ఐడీ కార్డు ఒకటి, పోస్టులో వచ్చిన కౌన్సిల్ ఉత్తరాలు కొన్ని, ఒక సాయంత్రం తీగ మీద ఆరేసిన అమ్మ నేత చీర. చెరో కొంగూ పట్టుకుని ఇద్దరూ ఆ చీరను పెరడంతా ఊరేగించారు. అమ్మ వెంటపడి వెంటపడి అలిసిపోయి గడప మీద కూర్చుంది.

"ఇవి కుక్కలు గాదు కొడుకా, కోతులు. తోకలు జూసి మోసపోయినవ్" అంది.

అన్నదే గాని, ఆ మర్నాటి నుంచి వాటికి పెరుగన్నం కలిపి పెట్టే పని ఎవరికీ ఇవ్వలేదు. గిన్నెలో మెత్తగా పిసికి, వేలితో వేడి చూసి మరీ పెట్టేది. నాకు చిన్నప్పుడు అంత మెత్తగా కలిపి పెట్టిన గుర్తు లేదు.

సెప్టెంబరు మొదటి శనివారం ఊరి మైదానంలో డాగ్ షో జరిగింది. చూడముచ్చటైన జంట పోటీలో మావాళ్ళకే మొదటి బహుమతి వచ్చింది. ఒక ఎర్ర రిబ్బను పువ్వు, ఒక చిన్న కప్పు. ఊరు ఊరంతా వచ్చి వాటి బుగ్గలు నిమిరింది. షో నడిపే లిండా, ఊరి వాట్సాప్ గ్రూపు నడిపేదీ ఆవిడే, అక్కడికక్కడే నా భుజం తట్టి కాలిబాటల కమిటీలో చేర్చుకుంది. పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నాం, నన్ను ఎవరైనా దేనికైనా పిలవడం అదే మొదటిసారి. కమిటీ చేసే పనల్లా కుక్కల యజమానులు సంచులు తెచ్చుకుని వాటి రొచ్చు శుభ్రం చెయ్యాలని నోటీసులు అంటించడం. అయినా ఆ రాత్రి నేను ఏదో మంత్రి పదవి వచ్చినట్టే పడుకున్నాను.

ఆ షోకి రానివాడు ఒక్కడే, మా పక్కింటి డెరెక్. డెబ్బై దాటాయి, ఒకప్పుడు స్కూల్లో కేర్‌టేకర్‌గా పనిచేశాడు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. ఒక మోకాలు సరిగ్గా పనిచెయ్యదు, కాస్త ఒంగి కుంటుతాడు. బాటల మీద కుక్కల రొచ్చు గురించి మూడుసార్లు కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు కనక ఊళ్ళో ఆయనకు కుక్కలంటే గిట్టదని పేరు. ఫిర్యాదు కుక్కల మీద కాదు, సంచులు లేకుండా వాటి వెనక నడిచే మనుషుల మీద. ఆ తేడా గమనించే తీరిక మాకెవరికీ లేకపోయింది.

షో అయిన మర్నాటి నుంచి టఫీ, పికిల్ తిండి మానేశాయి.

ముందు ఎండకు అనుకున్నాం. మంగళవారానికి కూడా గిన్నెలు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. తవ్వడం లేదు, మొయ్యడం లేదు. పొద్దస్తమానం డెరెక్ ఇంటివైపు కంచె మూల నీడలో వెల్లకిలా పడుకుని ఉంటున్నాయి. బుధవారం వెట్‌కి చూపించాను. ఆ పశువుల డాక్టరమ్మ పొట్టలు నొక్కింది, చెవుల్లో చూసింది, తూకం వేసింది.

"ఏ జబ్బూ లేదు. చెప్పాలంటే ఇద్దరూ కాస్త బరువు పెరిగారు" అంది.

తెలివైనవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. తినని కుక్క బరువెలా పెరుగుతుంది? నేను మాత్రం ఆ పెరిగింది వాపు అనుకుని, ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో కుక్కలకు వచ్చే వాపు జబ్బులన్నీ చదివి, అర్ధరాత్రికి అవన్నీ మావాటికే కాక నాకూ ఉన్నాయని తేల్చుకున్నాను.

శనివారం పొద్దున అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పోరగాండ్లు వారం సంది ముద్ద ముడుతలేవు కొడుకా."

"వెట్‌కి చూపించాను కదమ్మా. ఏం లేదంది."

"ఏం లేకుంటే ఎందుకు తింటలేవు? దిష్టి తాకింది. గంతమంది సూడవట్టిరి ఆనాడు. ఒకామెనైతే కాయితం వట్టుకోని కన్నార్పకుండ సూసింది."

"ఆవిడ జడ్జి అమ్మా. చూడ్డం ఆవిడ పని."

"ఎవలైతేంది, కన్ను కన్నే."

ఇక్కడ నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. దిష్టినీ, నిమ్మకాయల్నీ, మిరపకాయల్నీ నేను నమ్మను. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళను చూసి ఉపన్యాసాలు ఇస్తాను. వచ్చిన కొత్తలో అమ్మ మా కారు అద్దానికి కట్టిన నిమ్మకాయ దండను, స్వప్న చూస్తుండగా పీకి, సైన్సు గురించి పావుగంట మాట్లాడి, డస్ట్‌బిన్‌లో వేశాను. అందుకని ఆ పూట కూడా నవ్వేసి పైకి వెళ్ళిపోయాను. మెట్ల మీద ఆద్య టఫీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"డాడ్, ఆర్ దే గోయింగ్ టు డై?" అంది, నావైపు చూడకుండా.

నా సైన్సు అంతటితో సరి. వెనక్కి వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "గ్యారేజీలో గుమ్మడికాయ ఉందిగా, అదైతే పనికొస్తుందా?" అని అడిగాను.

అంతకు ముందు వారం సరుకులకు వెంబ్లీ వెళ్ళినప్పుడు అమ్మ వడియాలకని కొనిపించిన బూడిద గుమ్మడికాయ అది. అమ్మ నా మొహం చూసింది. నవ్వలేదు, అదొక్కటి ఆవిడ మంచితనం.

"రేపు ఐతారమే. పొద్దు గూకంగ తిప్పి ఇంటి ముంగట కొట్టు. తెల్లారి ఊడ్చి పారెయ్యి. అయిపాయె."

"ఇంటి ముందు వద్దు. మన డోర్‌బెల్ కెమెరాలో పడుతుంది. స్వప్న ఆసుపత్రిలో కూర్చుని ఫోన్లో చూస్తుంది."

"పెండ్లానికి భయపడి దొంగతనంగ దిష్టి తీస్తవారా?"

"మూడు దార్ల దగ్గర కొట్టొచ్చు కదా? మన ఊళ్ళో కొడతారు."

"కొడతరు. గని నలుగురు నడిశే జాగ, తెల్లారకముందే వోయి ఊడ్చి రావాలె. మర్సిపోకు."

మరిచిపోనని మాట ఇచ్చాను. సోమవారం ఏడింటికే ఆఫీసు కాల్ ఉందన్న సంగతి ఆ క్షణాన మరిచిపోయాను.

ఆదివారం స్వప్న డ్యూటీలో ఉంది, ఆద్య స్నేహితురాలి ఇంట్లో ఉంది. అమ్మ కాయ తొడిమ దగ్గర చిన్న బిళ్ళ కోసి, లోపల కుంకుమ పోసి, పసుపు, తన తమలపాకుల సంచిలోంచి చిటికెడు సున్నం కలిపిన ఎర్రనీళ్ళు నింపింది. పైన కర్పూరం వెలిగించింది. టఫీ, పికిల్ కంబళి మీద పడుకుని ఉంటే, నేను కాయను వాటి చుట్టూ మూడుసార్లు తిప్పాను. పికిల్ ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకున్నాడు. నేను ఇంతకన్నా మర్యాదస్తుణ్ణని ఇన్నాళ్ళూ అనుకున్నాడేమో.

"చెప్పులు లేకుండ వో" అంది అమ్మ. "కొట్టినంక ఎనుకకు మర్రి సూడకు. వచ్చి కాళ్ళు గడుక్కోని ఇంట్లకు రా."

సన్నగా జల్లు పడుతోంది. రెయిన్‌కోట్ వేసుకుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని, కాయను చంకలో పెట్టుకుని బయల్దేరాను. మా సందంతా కంకర. నలభై ఏళ్ళు వచ్చాక వట్టి కాళ్ళతో కంకర మీద ఎప్పుడైనా నడిచారా? నడవకండి. నడుం వంచి, ఒక్కో అడుగూ చూసుకుంటూ, అబ్బా అమ్మా అనుకుంటూ మూడు దార్లు కలిసే చోటికి చేరాను. అక్కడ ఒక బెంచీ, ఊరి నోటీసు బోర్డు ఉంటాయి. ఎవరూ లేరు. కాయను రెండు చేతులా ఎత్తి దబ్బున కొట్టాను. ఏదో చిందిన చప్పుడైంది. అమ్మ చెప్పిన మాట ప్రకారం వెనక్కి చూడలేదు.

చూసి ఉంటే బాగుండేది. సోమవారం తెల్లారకముందే వెళ్ళి ఊడవకుండా ఆ ఏడింటి కాల్‌కి కూర్చున్నాను. తొమ్మిదింటికి, నేను ఇంకా ఆఫీసు కాల్‌లో ఉండగా, నా ఫోను టేబుల్ మీద దానంతటదే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఊరి గ్రూపులో నూట నలభై సందేశాలు. మొదటి ఫోటో చూశాను. బెంచీ నిండా, బోర్డు నిండా ఎర్రటి మరకలు. కుక్కల వెనక శుభ్రం చెయ్యమని నా చేత్తో అంటించిన నోటీసు మీద కూడా. కింద తెల్లటి గుజ్జు ముక్కలు. లిండా ఫోన్ చేసింది. ఆవిడ మాటలు ఇంగ్లీషులోవే, తెలుగులో చెప్తున్నాను.

"శ్రీధర్, చూశావా? అది విషం. కుక్కల్ని చంపడానికి పెట్టిన ఎర. కలరా ఉండల వాసన కూడా వస్తోంది."

కర్పూరం వాసన. నేను నోరు తెరిచాను. 'లిండా, అది నేనే' అని మూడు మాటలు. అవి గొంతు దాకా వచ్చాయి.

"పాపం నీ టఫీ, పికిల్ వారం నుంచి తిండి తినడం లేదటగా" అంది ఆవిడ. "వాటికి ముందే పెట్టాడన్నమాట, ఎవడో. నీకేం భయం లేదు, ఊరంతా నీ వెనక ఉంది."

ఆ మూడు మాటలూ కడుపులోకి వెళ్ళిపోయాయి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తెలుగు కుటుంబం మాది, మమ్మల్ని ఎందుకు అనుమానించలేదని అడుగుతారేమో. కుక్కల కప్పు గెలిచినవాడు కుక్కలకు విషం పెడతాడన్న ఊహ వాళ్ళకు రానే లేదు. అంత నమ్మకం.

మధ్యాహ్నం ఆవిడ స్వయంగా వచ్చింది. మూడు దార్ల పక్కింటివాళ్ళ డోర్‌బెల్ కెమెరాలో ఏదో పడిందట. నాకు కంప్యూటర్లు తెలుసు కనక, మనిషిని గుర్తుపట్టే పని నాకు అప్పగించింది. నన్ను పట్టుకునే పని నాకే వచ్చిందన్నమాట. మా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, లిండా పక్కన కూర్చుని, నన్ను నేను చూశాను. టోపీ వేసుకున్న ఆకారం ఒకటి చంకలో మూటతో, ఒంగి, మెల్లగా అడుగులు వేస్తూ పోతోంది. కాళ్ళు ఫ్రేములో లేవు.

"కొట్టి వెళ్ళిపోతూ వెనక్కి కూడా చూడలేదు" అంది లిండా. "ఎంత గుండె ఉండాలి?"

"చీకటిగా ఉంది. మొహం తెలియడం లేదు" అన్నాను.

"నడక చూడు. ఏమనిపిస్తోంది?"

ఏదో ఒకటి అనాలి కదా. "కాస్త కుంటుతున్నట్టుంది" అన్నాను.

అది నా నోటి నుంచి వచ్చిన మాటే. ఎవరూ నాచేత అనిపించలేదు. లిండా ఆ బొమ్మను మళ్ళీ చూసింది. తర్వాత మా కిటికీలోంచి పక్కింటి వైపు చూసింది.

"ఒంగి నడుస్తున్నాడు. కుంటుతున్నాడు. కుక్కలంటే పడదు" అని మెల్లగా అంది. "డెరెక్."

"ఛ, ఛ. డెరెక్ కాదు" అన్నాను.

"నీది మంచి మనసు" అని నా చెయ్యి తట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం టఫీ, పికిల్ గిన్నెల మీద పడి తిన్నాయి. అమ్మ పెట్టిన పెరుగన్నం గీరి గీరి నాకి, ఇంకా పెట్టమని గిన్నె మోసుకొచ్చాయి. ఆద్య వాటి మధ్యలో నేలమీద పడుకుని నవ్వింది. అమ్మ నావైపు చూసి తల ఊపింది. ఎంత సిగ్గుమాలినవాణ్ణంటే, ఊరు అట్టుడుకుతుంటే నేను లోలోపల పొంగిపోయాను. దిష్టి పోయింది, పనిచేసింది, మిగతాది సర్దుకుంటుందిలే అనుకున్నాను.

సర్దుకోలేదు. మంగళవారానికి డెరెక్ పేరు ఊళ్ళో ప్రతి నోటా ఉంది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు, ఇంగ్లీషువాళ్ళు అనరు. ఆయన ఎదురొస్తే కుక్కల గొలుసు దగ్గరికి లాక్కుని అవతలి వైపుకు దాటేవాళ్ళు. ప్రతి బుధవారం ఊరి హాల్లో పెద్దవాళ్ళకు టీ పోసే పని ఆయనదే, పన్నెండేళ్ళుగా. ఆ బుధవారం 'ఈసారికి మీరు విశ్రాంతి తీసుకోండి' అని చీటీ రాసి తలుపు సందులో వేశారు. ఆయన కిటికీ తెరలు దించేసి ఉన్నాయి. చెత్తబుట్ట బయటపెట్టడానికి కూడా పొద్దెక్కకముందే వచ్చి వెళ్ళిపోతున్నాడు.

అమ్మకు ఇంగ్లీషు రాదు గాని, తెరలు దించిన కిటికీ అర్థం కాకుండా పోతుందా?

"పక్కింటి పెద్దాయనకు ఏమైంది? కనవడ్తలేడు."

చెప్పాను. అమ్మ చేతిలో పని ఆపేసింది.

"నువ్వు జేసిన దానికి గాయన మీద నింద వడ్డదా?"

"రేపు చెప్తానమ్మా."

బుధవారం: "చెప్పినవా?"

"ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. రేపు ఊరి మీటింగుంది, అక్కడే అందరికీ ఒకేసారి చెప్తాను."

"ఊరంతటికి చెప్పుడు తర్వాత సంగతి. నడుమ కంచె ఒక్కటే ఉన్నది. గీ పది అడుగులేసి గాయనకు చెప్పి రా."

"వెళ్తాలే అమ్మా."

"సిగ్గనిపిస్తలేదారా నీకు?"

అనిపించింది. అన్నం సయించలేదు. కాని ఏ సిగ్గు పడాలో ఆ సిగ్గు కాదు నాది. నలభై ఏళ్ళ చదువుకున్నవాడు, కాలిబాటల కమిటీ సభ్యుడు, కుక్కలకు దిష్టి తీశాడని ఊరు నవ్వుతుందేమోనన్న సిగ్గు. స్వప్న రిటైరయ్యేదాకా ఈ మాట ఎత్తి దెప్పుతుందేమోనన్న సిగ్గు. పక్కింట్లో ఒక ముసలాయన చీకట్లో కూర్చున్నాడన్నది ఆ వరసలో మూడోదో నాలుగోదో.

గురువారం సాయంత్రం హాలు నిండిపోయింది. డెరెక్ మీద పోలీసులకు ఫిర్యాదు రాయాలా వద్దా అన్నది తేల్చాలి. స్వప్న డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఆద్య టఫీ, పికిల్ గొలుసులు పట్టుకుని ముందు వరసలో కూర్చుంది, బాధితులు కదా. డెరెక్ కూడా వచ్చాడు. కోటు, టై. వెనక గోడకు ఆనుకుని, టోపీ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు రెండు వైపులా కుర్చీలు ఖాళీగా ఉన్నా, రమ్మని ఎవరూ పిలవలేదు.

లిండా ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి టీ బల్ల చివర పెట్టింది. మూత మీద సాక్ష్యం అని రాసి ఉంది. నాలుగు రోజులుగా దాన్ని తన ఫ్రీజర్‌లో, బఠానీల పక్కన దాచిందట. మూత తీసి, అందరికీ చూపించి, మాట్లాడ్డం మొదలుపెట్టింది. నేను లేవాలి. లేస్తున్నాను. ఈ వాక్యం అయ్యాక లేద్దాం అనుకున్నాను. ఆ వాక్యం అయింది. తర్వాతి వాక్యం అయ్యాక అనుకున్నాను.

పికిల్‌కు ఏ వాసన తగిలిందో, అమ్మ చేతి వాసనేనేమో, ఒక్క గెంతు గెంతాడు. ఆద్య చేతిలోంచి గొలుసు జారిపోయింది. టఫీ వెనకే. బల్ల గుడ్డ పట్టి ఒక్క లాగు లాగేసరికి కప్పులు, సాసర్లు, బిస్కెట్లు, సాక్ష్యంతో సహా అన్నీ నేల మీదికి వచ్చాయి. ఎవరైనా పట్టుకునేలోపు ఇద్దరూ చెరో ముక్కా నోట కరుచుకుని పరపరా నమిలేస్తున్నారు.

హాలంతా గగ్గోలు. లిండా ఏడుస్తోంది. ఒకరు ఎమర్జెన్సీ వెట్‌కి ఫోన్ కలిపారు. వెంటనే తీసుకురండి, వాంతి చేయించి, మత్తిచ్చి కడుపు కడగాలి అని అవతలి గొంతు స్పీకర్లో చెబుతోంది. స్వప్న పికిల్‌ను ఒడిసిపట్టి నోట్లో వేళ్ళు పెట్టింది. ఆద్య నా చొక్కా పట్టుకుని, "డాడ్, డూ సంథింగ్!" అని ఏడుస్తోంది.

అప్పుడు నేను లేచాను. గొంతు బ్రహ్మాండంగా లేచింది.

"ఏమీ కాదు. కడుపు కడగొద్దు. అందులో విషం లేదు. కుంకుమ, పసుపు, చిటికెడు సున్నం, అంతే. అది వట్టి గుమ్మడికాయ."

నమిలే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అందరికన్నా ముందు ఆద్య కళ్ళు తుడుచుకుని అడిగింది.

"హౌ డు యూ నో, డాడ్?"

ఆ తర్వాత పావుగంట ఏం మాట్లాడానో నాకు వరసగా గుర్తు లేదు. కంకర, చెప్పులు, డాగ్ షో, కన్ను, కర్పూరం అని ఏవేవో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బతికిపోయేవాణ్ణి. నేను వెనక గోడ వైపు తిరిగేసరికి డెరెక్ అక్కడ లేడు. లిండా మాత్రం ఒక్క మాట అంది. "కుంటుతున్నాడని నువ్వే అన్నావు."

సున్నం చిటికెడే కనక కనిపెట్టుకుని ఉంటే చాలని వెట్ చెప్పింది. కుక్కలకు ఏమీ కాలేదు. ఇంటిదాకా స్వప్నే కారు నడిపింది. కారు ఆపాక, "వడియాలకు కొన్న కాయేనా?" అంది. అవునన్నాను. "ఒక మనిషి కోసం నాలుగు రోజులు నోరు తెరవలేదు. కుక్కల కోసం నాలుగు క్షణాలు పట్టలేదు" అంది. తిట్టినా బాగుండేది. ఆవిడ మామూలుగానే అంది, రిపోర్టు చదివినట్టు.

శుక్రవారం పొద్దున ఆ పది అడుగులూ వేశాను. అమ్మ వెంట వచ్చింది. డెరెక్ తలుపు తీశాడు.

"డెరెక్, తప్పంతా నాది. ఆ కెమెరాలో కుంటినవాణ్ణి నేనే. చెప్పుల్లేకుండా నడిచాను."

"ఆ కంకర మీదా?"

"అవును."

"అయితే కుంటక ఏం చేస్తావు" అన్నాడు. లోపలికి రమ్మన్నాడు. కుర్చీలు చూపించాడు. తనూ ఒకదాంట్లో కూర్చుని, "అసలెందుకు చేశావది?" అని అడిగాడు.

"షో అయిన మర్నాటి నుంచి రెండూ తిండి తినలేదు. భయమేసింది."

డెరెక్ మొహం మెడ దాకా ఎర్రబడింది. లేచి, ఫ్రిజ్ తలుపు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. లోపల వరసగా సాసేజ్ ప్యాకెట్లు.

"మా ఆవిడకు టెరియర్లు ఉండేవి" అన్నాడు. "మీవి గెలిచాయని విని, కంచె మీంచి చెరొకటి పెట్టాను. మర్నాడు అవే వచ్చి కూర్చున్నాయి. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. ఇంట్లో ఎలాగూ వండుకుని తినేది నేనొక్కణ్ణే. మీకు చెబితే వద్దంటారని చెప్పలేదు. సోమవారం నుంచి మానేశాను. మీ కుక్కలకు నేనేదో పెడుతూ ఎవరికైనా కనబడితే ఏమనుకుంటారు?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సోమవారం నుంచి ఎందుకు తిన్నాయో ఇప్పుడు తెలిసింది. దిష్టి పోయి కాదు. వాటికి అన్నం పెట్టే చేతిని నేను ఇంట్లో కూర్చోబెట్టాను కనక. విషం పెట్టాడని ఊరు ఎవరినైతే అన్నదో, వారం రోజులు నా కుక్కల్ని కడుపు పగిలేలా మేపింది ఆయనే.

అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ డెరెక్‌ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నాలుగు దినాల సంది ఊరంత గీయన్నే సూసింది గద కొడుకా. దిష్టంటె గిది" అని లేచి మా ఇంటికి వెళ్ళింది. గుప్పెట్లో రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని తిరిగొచ్చింది. డెరెక్‌ను ఆయన గుమ్మం ముందు కుర్చీలో, అందరికీ కనబడేలా, తూర్పు ముఖంగా కూర్చోబెట్టమంది. నేను భయపడుతూ అడిగాను. ఆయన మోకాలు పట్టుకుని వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. వీధిలో తన కుక్కతో పోతున్న లిండా ఆగిపోయింది. ఇంకో ఇద్దరు ఆగారు. అమ్మ ఎవరినీ పట్టించుకోకుండా గుప్పిట ఆయన చుట్టూ తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గట్టిగా చదివింది. తర్వాత ఆ మిరపకాయల్ని ఆయన బార్బెక్యూలో నాచేత రాజేయించిన బొగ్గుల మీద వేసింది. ఒక్కరూ దగ్గలేదు.

"ఘాటు రాలేదు, సూసినవా? గంత దిష్టి తాకింది" అంది. గాలి అటువైపు ఉందని చెప్పబోయి ఊరుకున్నాను.

లిండా గేటు తీసుకుని లోపలికొచ్చి, వచ్చే బుధవారం టీకి తప్పకుండా రావాలని డెరెక్‌ను అడిగింది. ఆయన తల ఊపి, నావైపు తిరిగాడు.

"మీ అమ్మ ఏమని చదివింది?"

"పొరుగువాళ్ళ వల్ల తగిలిన కీడు పోవాలని."

"పొరుగువాళ్ళంటే?"

ఊరి జనం, లిండా, అమ్మ, అందరూ చూస్తున్నారు.

"నేనే, డెరెక్" అన్నాను.

కనక ఇందుమూలంగా, కాలిబాటల కమిటీ మాజీ సభ్యుడనైన నేను, టఫీ, పికిల్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో నాలుగు కాళ్ళ ప్రాణి దేనికీ గుమ్మడికాయ తిప్పను. తిప్పితే నా గుమ్మం ముందే, లిండాకు ముందుగా వాట్సాప్‌లో చెప్పి, చెప్పులు వేసుకుని కొడతాను. కొట్టాక, అమ్మ ఎన్ని చెప్పినా సరే, ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను, అది ఎవరి మీద చిందిందోనని.

కుక్కలు ఇప్పుడు పెరుగన్నం మా ఇంట్లో, సాసేజ్ డెరెక్ ఇంట్లో తింటున్నాయి. రెండూ బరువు పెరిగాయి. వెట్ అడిగితే కారణం నేనే చెప్పాను.